కొత్త డ్యూయల్ స్పోర్ట్ బండికి మార్పులు చేయించాక సెల్ఫ్ అందుకోవట్లేదు, సాయం కావాలి

ఎర్రమట్టి (కేఆర్ పురం, బెంగళూరు)

అందరికీ నమస్తే. బండి కొని రెండున్నర నెలలైంది, 1,900 కిలోమీటర్లు తిరిగాను. రోడ్డు మీదా మట్టిబాటలోనూ నడిచే రకం. 200 సీసీ, ఎఫ్‌ఐ (కార్బ్యురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్), ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18. కిక్ రాడ్ లేదు, సెల్ఫే దిక్కు.

మాది కదిరి దగ్గర పల్లె. బాగేపల్లి, గోరంట్ల మీదుగా వెళ్తే దాదాపు అంతా మంచి రోడ్డే. చివరి ఆరు కిలోమీటర్లే ఎర్రమట్టి బాట, వాన పడితే ట్రాక్టర్ గాడులు. స్కూటర్ మీద రెండుసార్లు పడ్డాక, ఏడాదిన్నర డబ్బు దాచుకుని ఈ బండి తీసుకున్నాను. ఆడపిల్లకి ఇంత ఎత్తు బండెందుకని ఊళ్లో చాలామంది అన్నారు. ఆ బాటలో దీన్ని నడపాలనేది నా పట్టుదల.

నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, కాలు సరిగ్గా ఆనదు. అందుకే వెనక సస్పెన్షన్ లింక్ మార్పించి వెనకవైపు 30 మిల్లీమీటర్లు దించాను. దాంతో సైడ్ స్టాండ్ పొడవెక్కువై బండి నిటారుగా నిలబడుతోంది, గాలికి పడిపోతుందేమోనని భయం. స్టాండ్ ఊడదీసి 25 మిల్లీమీటర్లు కోసి వెల్డింగ్ చేశారు. హ్యాండిల్ దూరంగా ఉందని రైజర్లు (హ్యాండిల్‌ని పైకి లేపే దిమ్మెలు), ఊరి బాటలో లైట్లు లేవని 20 వాట్ల ఫాగ్ ల్యాంపులు రెండు, ఫోన్‌కి యూఎస్‌బీ చార్జర్. అన్నీ ఒకే శనివారం, ఒకే షాపులో.

ఆ తర్వాత మొదలైంది. కొన్ని రోజులు పొద్దున సెల్ఫ్ నొక్కితే టకటకమని చప్పుడు, మీటర్ లైట్లు మసకబారతాయి. పక్కింటాయన కారు బ్యాటరీ నుంచి వైర్లు పెడితే స్టార్ట్ అవుతుంది. మొన్నయితే టిన్ ఫ్యాక్టరీ దగ్గర రెండో గేరులో ఆగిపోయింది. క్లచ్ పట్టి సెల్ఫ్ నొక్కితే అసలు చప్పుడే లేదు. వెనక బస్సు హారన్ కొడుతుంటే చేతులు వణికాయి. ఎలాగో న్యూట్రల్ చేసి నొక్కితే వెంటనే స్టార్ట్ అయింది.

షోరూం వాళ్లు మొదట బ్యాటరీ మార్చాలన్నారు, తర్వాత వైరింగ్ ముట్టుకున్నారు కాబట్టి ఎలక్ట్రికల్‌కి వారంటీ లేదన్నారు. ఎక్కడి నుంచి వెతకాలి?

రాళ్లదారి (హోస్కోటె)

స్టాండ్ ఊడదీసి వెల్డింగ్ చేయించారు, మంచి పని. బండికి ఉండగానే, బ్యాటరీ వైర్లు తీయకుండా చేసుంటే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయే ప్రమాదం ఉండేది. వెనక దించాక చైన్ బిగువు మళ్లీ చూపించారా? లింక్ మారితే అదీ మారుతుంది. ముందు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలు) కూడా క్లాంపుల్లో కాస్త పైకి జరపకపోతే మలుపుల్లో హ్యాండిల్ మొండికేస్తుంది.

స్టార్టింగ్ విషయం కరెంటు పని తెలిసినవాళ్లు చెప్తే బాగుంటుంది.

సిల్క్‌బోర్డ్ (బీటీఎం లేఅవుట్)

ఇంకాస్త పెద్ద బ్యాటరీ వేయించేయండి. నా బండికి ఈ సమస్య అలాగే పోయింది.

ఫ్యూజ్‌బాక్స్ (బొమ్మనహళ్లి)

పెద్ద బ్యాటరీ వేస్తే రెండు రోజులకు దిగేది మూడు రోజులకు దిగుతుంది, అంతే. ముందు కారణం పట్టుకోవాలి.

చెల్లెమ్మా, మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. టకటక అంటే బ్యాటరీలో బలం లేదు. చప్పుడే లేకపోవడం అంటే స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) దాకా కరెంటు వెళ్లట్లేదు. రెండూ కలిపి చూస్తే దేనికీ మందు దొరకదు.

రెండోది ముందు చూద్దాం. న్యూట్రల్‌లో ఉంటే క్లచ్ స్విచ్‌తో బండికి పనిలేదు. గేరులో ఉంటే మాత్రం క్లచ్ పట్టినట్టు ఆ స్విచ్ చెప్పాలి. స్టాండ్ స్విచ్ (స్టాండ్ దించి గేరు వేస్తే ఇంజిన్‌ని ఆపేది) పోయుంటే గేరు వేయగానే ఇంజిన్ ఆగిపోయేది. మీ బండి గేరులో నడుస్తూనే ఉంది కాబట్టి కోసిన స్టాండ్‌ని వదిలేయండి. నా అనుమానం క్లచ్ స్విచ్ వైరు మీద. రైజర్లు వేసినప్పుడు హ్యాండిల్ పైకి లేచింది, వైరు పొడవు మాత్రం పెరగలేదు కదా. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా పట్టి, హ్యాండిల్ నిటారుగా ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి, ఎడమకి తిప్పి ఒకసారి సెల్ఫ్ నొక్కి చూడండి. ఖాళీ స్థలంలోనే చేయండి.

ఇక బ్యాటరీ. మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, బండి సామాన్ల షాపులుండే జేసీ రోడ్ దాకా పోనక్కర్లేదు, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు పైన ఉండాలి. స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే 14 దగ్గరకు రావాలి. ఈ రెండో రీడింగ్ బాగుంటే చార్జింగ్‌కి దోషం లేదు. అప్పుడు బండి ఆపి తాళంచెవి బయటికి తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, మధ్యలో మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి చూడండి. కొన్ని మిల్లీ ఆంపియర్లు మించకూడదు. మీటర్ అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కకండి, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

ఎర్రమట్టి

అన్నా, ఆదివారమంతా దీని మీదే కూర్చున్నాను.

హ్యాండిల్ నిటారుగా ఉంటే స్టార్ట్ అయింది, ఎడమకి తిప్పినా అయింది. కుడికి పూర్తిగా తిప్పితే మూడుసార్లు నొక్కినా చప్పుడు లేదు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర కూడా నేను కుడి లేన్‌లోకి తిప్పుతున్నాను. హెడ్‌లైట్ విప్పి చూస్తే క్లచ్ వైరు స్టీరింగ్ మెడ దగ్గర ప్లాస్టిక్ టైతో బిగించేసి ఉంది. పైన తొడుగు చక్కగా ఉంది. వేళ్లతో లాగితే ఒక్కచోట మాత్రం రబ్బరులా సాగింది. బ్లేడుతో కోసి చూస్తే లోపల రాగి తీగ తెగిపోయి ఉంది.

బ్యాటరీ పొద్దున 12.1. ఇంజిన్ నడుస్తుంటే 14.2. తాళం తీసి చూస్తే 160 మిల్లీ ఆంపియర్లు. యూఎస్‌బీ చార్జర్ ఫ్యూజ్ తీసినా పెద్దగా తగ్గలేదు. ఏది తీయాలో తోచక సీటు కింద ఒక్కొక్కటీ తాకుతుంటే ఫాగ్ ల్యాంపు రిలే వెచ్చగా తగిలింది. తాళం తీసి అప్పటికి రెండు గంటలైంది!

ఫ్యూజ్‌బాక్స్

దొంగ దొరికాడు. లైట్ల స్విచ్‌ని రిలే తర్వాత పెట్టి, రిలే కాయిల్‌ని (దాన్ని పనిచేయించే తీగచుట్ట) నేరుగా బ్యాటరీకి ఇచ్చారు. లైట్లు ఆరినా కాయిల్ రాత్రీపగలూ కరెంటు తాగుతూనే ఉంటుంది. 160 మిల్లీ ఆంపియర్లంటే రోజుకి దాదాపు 4 ఆంపియర్-అవర్లు. ఇలాంటి బండ్లకి ఉండేదే 6 నుంచి 7. మీ ఆఫీసు దారి ట్రాఫిక్‌లో, ఐడిల్‌లో అది తిరిగి నిండదు.

రిలే 86వ పిన్నుని స్విచ్ మీదుగా, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకి ఇవ్వండి. 85 ఎర్త్‌కి. 30 బ్యాటరీ పాజిటివ్‌కి, మధ్యలో 5 ఆంపియర్ల ఫ్యూజ్, బ్యాటరీకి దగ్గరగా. 87 లైట్లకి. యూఎస్‌బీ కూడా తాళం వైరు మీదకే మార్చండి. తెగిన క్లచ్ వైరుకి అరచెయ్యి పొడవు కొత్త ముక్క కలిపి సోల్డరింగ్ చేయించి, హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే వైరుకి బిగుసుకునే తొడుగు) వేయించండి. ఊరికే మెలిపెట్టి టేప్ చుడితే వానాకాలంలో మళ్లీ ఇదే గోల. చివరగా హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, వైరు వదులుగా ఉందని చూసుకున్నాకే టై బిగించండి.

ఎర్రమట్టి

అన్నీ మీరు చెప్పినట్టే చేయించాను, దగ్గరుండి. ఇప్పుడు తాళం తీస్తే 2 మిల్లీ ఆంపియర్లు. బ్యాటరీని ఒక రాత్రి చార్జర్‌కి పెట్టాను, పాతదే ఉంచాను. చైన్ బిగువు, ఫోర్కులు కూడా సరిచేయించాను, రాళ్లదారి గారికి థాంక్స్.

శనివారం తెల్లవారుజామున బయల్దేరి ఊరికి వెళ్లాను. ముందురోజు వాన పడిందట, మా బాటంతా బురద. చింతచెట్టు మలుపులో కుడికి తిప్పుతూ గాడిలో ఇరుక్కుని రెండో గేరులో ఆగిపోయింది. కాళ్లు రెండూ నేల మీద ఆనాయి. క్లచ్ పట్టి నొక్కాను, ఒక్కసారికే అందుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి అన్నా.

ఫాగ్ ల్యాంపుల వెలుగు కొంచెం పైకి పడుతోంది, ఎదురొచ్చిన ట్రాక్టరాయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వెనక దించినందుకేనా? ఈ ఆదివారం వాటిని కిందికి వంచుతాను.