ఆక్టేవియా ఆర్‌ఎస్ 230: డీఎస్‌జీ గేర్‌బాక్స్ ఆయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చునా?

ప్రశ్న: కూకట్‌పల్లి_ఆర్‌ఎస్

మిత్రులందరికీ నమస్కారం. నా కారు 2017 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230. ఇప్పటికి 58,000 కిలోమీటర్లు దాటింది కనుక, 60,000 దగ్గర మార్చవలసిన డీఎస్‌జీ (రెండు క్లచ్‌లు ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్ పనికి సిద్ధమవుతున్నాను. ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు చాలాకాలంగా నేనే మార్చుకుంటున్నాను; టార్క్ రెంచ్, జాకీ, నాలుగు స్టాండ్లు, కారు కంప్యూటర్ల నుంచి వివరాలు చదివే ఓబీడీ పరికరం నా దగ్గర ఉన్నాయి. అయితే ఈ గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్ లేదు కాబట్టి, ఆయిల్ మట్టం సరిపోయిందని ఎలా నిర్ధారించుకోవాలో స్పష్టంగా తెలియడం లేదు. ఒక షెడ్డులో అడిగితే, పాత ఆయిల్ ఎంత దిగితే కొత్తది అంతే పోస్తామని చెప్పారు. ఆ పద్ధతి సరైనదేనా? మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని చేయవచ్చునా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: బెజవాడ_టర్బో

మీ కారులో ఉన్నది ఆరు గేర్ల డీక్యూ250, అంటే ఆయిల్‌లో తడిసే క్లచ్‌లు ఉన్న గేర్‌బాక్స్. సాధారణ ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐలో వచ్చిన ఏడు గేర్ల డీక్యూ200లో క్లచ్‌లు పొడివి కనుక, ఆ కారు గురించి ఎవరైనా చెప్పిన సలహాను దీనికి వర్తింపజేయకండి. డీక్యూ250లో ఒకే ఆయిల్ గేర్ల పళ్లకు కందెనగా ఉంటూ, క్లచ్‌లను చల్లబరుస్తూ, గేర్లను మార్చే మెకట్రానిక్ భాగానికి కావలసిన ఒత్తిడిని కూడా అందిస్తుంది. క్లచ్‌ల నుంచి అరిగిన పొడి అంతా ఆ ఆయిల్‌లోనే కలుస్తుంది కాబట్టి, ఫిల్టరును కూడా తప్పకుండా మార్చాలి. జీ 052 182 ప్రమాణానికి సరిపోయే ఆయిల్‌నే కొనండి; మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) దీనికి పనికిరాదు.

పాత ఆయిల్ ఎంత దిగితే కొత్తది అంతే పోయడం సరైన పద్ధతి కాదు. ఇంతకుముందు పోసినవారు తక్కువ పోసి ఉంటే, ఆ కొరతే మళ్లీ కొనసాగుతుంది. డ్రెయిన్ బోల్టుకు 14 ఎంఎం అలెన్ కీ కావాలి. దానిని విప్పగానే కొద్దిగా మాత్రమే ఆయిల్ కారుతుంది, ఎందుకంటే ఆ రంధ్రం లోపల నిలువుగా ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. దానిని 8 ఎంఎం అలెన్ కీతో విప్పిన తరువాతే మిగిలిన ఐదు లీటర్లకు పైచిలుకు ఆయిల్ దిగుతుంది. ఆ గొట్టం పై అంచే ఆయిల్ మట్టాన్ని నిర్ణయిస్తుంది: మట్టం అంతకు మించితే పైన ఉన్నది పొర్లి బయటికి వస్తుంది, తగ్గితే ఏమీ రాదు. గొట్టాన్ని తిరిగి బిగించేటప్పుడు 3 న్యూటన్ మీటర్లు మించనివ్వకండి. విరిగితే ముక్క లోపలే ఉండిపోయే ప్రమాదం ఉంది.

ఫిల్టరు పైవైపున ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ బాక్సును తీసేస్తే దాని మూత మీద 24 ఎంఎం సాకెట్ పడుతుంది. మూతను కొద్దిగా వదులు చేసి, లోపలి ఆయిల్ కిందికి దిగేవరకు ఆగి, ఆ తరువాత పూర్తిగా తీయండి. కొత్త ఓ రింగ్ వేసి 20 న్యూటన్ మీటర్లకు బిగిస్తే సరిపోతుంది.

ఇక కింది రంధ్రానికి పైపు ఉన్న అడాప్టర్ తగిలించి, సుమారు ఐదున్నర లీటర్లు పోయండి. ఆ అడాప్టర్ చేతికి రాకముందు పాత ఆయిల్ తీయనే వద్దు. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ నొక్కి పట్టి, గేర్ లివరును పీ నుంచి ఎస్ వరకు ప్రతి స్థానంలోనూ కొన్ని సెకన్లు ఉంచి, మళ్లీ పీకి తీసుకురండి. కారు స్టాండ్ల మీద ఉన్నప్పుడు ముందు చక్రాలు తిరగవచ్చు కాబట్టి, ఈ సమయంలో కారు కింద ఎవరూ ఉండకూడదు. లోపల కూర్చుని బ్రేక్ పట్టుకోవడానికి మరొకరు తప్పనిసరిగా కావాలి. తరువాత ఇంజిన్ ఆపకుండానే, గేర్ ఆయిల్ ఉష్ణోగ్రత 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండగా, పొర్లుతున్న ధార చుక్కలుగా మారేవరకు వదిలి, కొత్త వాషరుతో డ్రెయిన్ బోల్టును 45 న్యూటన్ మీటర్లకు బిగించండి.

జవాబు: స్టుట్‌గార్ట్_తెలుగు

పై వివరణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా ఆరో తరం గోల్ఫ్ జీటీఐలో ఉన్నది కూడా ఇదే గేర్‌బాక్స్. ఇక్కడ చలికాలంలో ఆయిల్ 35 డిగ్రీలకు చేరేదాకా ఎదురుచూడవలసి వస్తుంది. మీకు సమస్య దీనికి తలకిందులుగా ఉంటుంది. హైదరాబాద్ ఎండాకాలంలో మధ్యాహ్నం పని మొదలుపెడితే ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఉండవచ్చు, గేర్లన్నీ తిప్పి కిందికి చేరేసరికి 45 దాటిపోవచ్చు. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది కనుక, అప్పుడు అవసరమైన ఆయిల్ కూడా పొర్లిపోయి, చల్లారిన తరువాత గేర్‌బాక్స్‌లో తక్కువే మిగులుతుంది. అందువల్ల రాత్రంతా నిలిపి ఉంచిన కారు మీద తెల్లవారుజామునే ఈ పని చేయడం మంచిది. ఉష్ణోగ్రతను ఓబీడీ పరికరం ద్వారా గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ నుంచే చదవండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ చూపేది బయటి లోహపు వేడిని మాత్రమే.

ప్రశ్న: కూకట్‌పల్లి_ఆర్‌ఎస్

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆయిల్ మార్చిన తరువాత క్లచ్ అడాప్టేషన్ (క్లచ్‌ల అమరికను గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించడం) తప్పనిసరి అని కొందరు అంటున్నారు, అది నిజమేనా? సెల్లార్ విషయం కూడా చెప్పగలరు.

జవాబు: ఓరుగల్లు_గ్యారేజ్

కేవలం ఆయిల్, ఫిల్టరు మార్చినందుకు అడాప్టేషన్ తప్పనిసరి కాదు. క్లచ్‌లు గానీ మెకట్రానిక్ గానీ మార్చినప్పుడు అది అవసరమవుతుంది.

సెల్లార్ విషయంలో మాత్రం నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, నీళ్లు నిలవకుండా సెల్లార్ నేలకు సాధారణంగా వాలు ఇస్తారు. కారు ఒకవైపు ఒరిగి ఉంటే పై మిత్రులు చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించినా మట్టం తప్పుగానే వస్తుంది. స్టాండ్ల ఎత్తు సరిచేసి, తలుపు కింది అంచు పొడవునా, అడ్డంగానూ రసమట్టం పెట్టి చూసుకోండి. రెండవది, ఇంజిన్ నడుస్తుండగా కారు కింద డ్రెయిన్ రంధ్రం దగ్గర పడుకుని పనిచేయాలి. గాలి ఆడని సెల్లార్‌లో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. చుట్టూ తెరిచి ఉన్న స్టిల్ట్ పార్కింగ్ అయితే నాకు అభ్యంతరం లేదు. అది లేకపోతే, పిట్ గానీ నాలుగు స్తంభాల లిఫ్టు గానీ ఉన్న షెడ్డును ఒక ఉదయం పూట మాట్లాడుకుని, మీ ఓబీడీ పరికరంతో మీరే దగ్గరుండి చేయించుకోండి.

దిగిన పాత ఆయిల్‌ను కొలత గీతలున్న డబ్బాలో పట్టి, ఎంత వచ్చిందో రాసిపెట్టుకోండి. సన్నని బూడిదరంగు పొడి కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. గోటికి తగిలేంత లోహపు ముక్కలు ఉంటే మాత్రం కొత్త ఆయిల్ పోయడానికి ముందే గేర్‌బాక్స్‌ను చూపించాలి. ఆ ఆయిల్‌ను మోరీలో పారబోయకండి. వాడిన ఆయిల్ మన చట్టాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం కనుక, మూత బిగించి, దానిని అధీకృత రీసైక్లర్‌కు పంపించే సర్వీస్ సెంటరులో అప్పగించండి.