నేరం మానాలంటే ముందు సిగ్గుతో కుమిలిపోవాల్సిందేనా?

నిక్కచ్చి:
శిక్ష ముగించుకొని వచ్చినవారిలో కొందరు "అప్పటి నేను అసలు నేను కాదు" అంటారు. నాకది తప్పించుకునే మాటలాగే వినిపిస్తుంది. దోచుకున్నది ఆ చేతులే కదా? చేసినదానికి కుమిలిపోని మనిషి మారాడంటే ఎలా నమ్మాలి?

చదువరి:
మీ కోపం న్యాయమైనదే, కానీ ఆ మాటను కొట్టిపారేయకండి. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో నేరశాస్త్రవేత్త షాడ్ మరూనా నేరాలు మానినవారి చేత, మాననివారి చేత జీవితకథలు చెప్పించుకొని 2001లో ఫలితాలు ప్రచురించారు. ఇరువర్గాల నేపథ్యమూ ఇంచుమించు ఒకటే. మాననివారు "నా బతుకింతే, నా చేతుల్లో ఏమీ లేదు" అనే ధోరణిలో ఉన్నారు. మానినవారు తమలో మొదటినుంచీ ఒక మంచి మనిషి ఉన్నాడని, ఇకపై పగ్గాలు తమవేనని నమ్మారు. ఆ నమ్మకంలో అతిశయోక్తి ఉంది, నిజమే. అయినా వారిని నిలబెట్టింది అదే.

లెక్కసరి:
నమ్మకాలు కడుపు నింపవు. శాంప్సన్, లాబ్ అనే నేరశాస్త్రవేత్తలు అమెరికాలో 500 మంది బాలనేరస్థుల జీవితాలను 70 ఏళ్ల వయసు దాకా పరిశీలించారు. స్థిరమైన పని, మంచి దాంపత్యం, సైనిక జీవితం వారిని మలుపు తిప్పాయని తేల్చారు.

చదువరి:
నార్వేలో 2014లో వచ్చిన అధ్యయనం చూడండి. ఉద్యోగంలో చేరిన పాత నేరస్థుల్లో ఎక్కువమంది అంతకుముందే నేరాలు మానేశారు. పని ఆ మార్పును గట్టిపరుస్తుందేమో గానీ, చాలామందిలో మొదలుపెట్టింది మాత్రం పని కాదు.

నిక్కచ్చి:
అయితే పశ్చాత్తాపానికి చోటే లేదా?

జైలు ఉపాధ్యాయిని:
తప్పకుండా ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త జూన్ టాంగ్నీ బృందం ఖైదీలను విడుదలయ్యాక ఏడాదిపాటు గమనించింది. "నేను చెడ్డపని చేశాను" అని బాధపడే స్వభావం ఉన్నవారు మళ్లీ నేరం చేయడం తక్కువ. "నేనే చెడ్డవాణ్ణి" అనే సిగ్గు నిందను ఇతరుల మీదకు నెట్టినప్పుడు మాత్రం నేరం వైపు మళ్లిస్తుంది.

క్షమాపణ ఉత్తరాలు రాయించేటప్పుడు నేనూ ఇదే చూస్తుంటాను. "నేను పనికిరానివాణ్ణి" అంటూ పేజీ నింపేవారి ఉత్తరంలో బాధితురాలు కనిపించదు. "ఆ రాత్రి తర్వాత ఆమె ఒంటరిగా పడుకోగలిగిందా?" అని ఒకతను పెన్ను పక్కన పెట్టి నన్ను అడిగాడు. అతను తనను తాను ఒక్క తిట్టు కూడా తిట్టుకోలేదు. నా ఆశ అలాంటివారి మీదే.

నిక్కచ్చి:
ఆ ప్రశ్నకు విలువ ఇస్తాను. కానీ అతను మారాడో లేదో మనం తేల్చుకుంటున్నాం. ఆమెకు ఆ ఉత్తరం కావాలో అక్కర్లేదో ఎవరైనా అడిగారా?