కొబ్బరి తోటలోంచి గ్యాస్ లైన్: భూమి విలువలో 10 శాతం చాలా?

లంకరైతు: కోనసీమలో మా తోట కింద నుంచి ప్రభుత్వ కంపెనీ గ్యాస్ లైన్ పోతుంది. 1962 పైపులైన్ల చట్టం ప్రకారం భూమి మాదే, వాడుకునే హక్కు వాళ్లది. ఆ పట్టీ మీద చెట్టు నాటకూడదు, నుయ్యి తవ్వకూడదు, ఇల్లు కట్టకూడదు. చెట్లు, పంట నష్టం కాక, భూమికి ఇచ్చేది మార్కెట్ విలువలో 10 శాతం, అదీ ఒక్కసారే. వరి చేనైతే పైన నాట్లేసుకుంటాం. కొబ్బరి తోటలో ఏం చేస్తామండీ? దింపు తీసే చెట్ల మధ్య ఆ పట్టీ బోడిగా పడుంటుంది. కొనడానికి వచ్చినవాడు ముందు లైన్ ఎటు పోతుందనే అడుగుతాడు. ఏటా అద్దె ఇవ్వాలంటాను.

పైపుల ఇంజినీర్: వేల మంది రైతులకు ఏటా అద్దె అంటే ఆ భారం గ్యాస్ ధర మీదే పడుతుంది. చాలదనుకుంటే జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లొచ్చని అదే చట్టంలో ఉంది.

లంకరైతు: వెళ్తే వకీలు ఫీజుకే సరి.

మేడమీద: మా డాబా మీద సెల్ టవర్‌కి నెలనెలా అద్దె వస్తోంది. రైతుకెందుకు రాకూడదు?

పైపుల ఇంజినీర్: మీరు వద్దంటే టవర్ పక్క డాబాకి పోతుంది. ఒక్క రైతు వద్దంటే లైన్ మొత్తం ఆగుతుంది. ఆ చట్టం తెచ్చిందే అందుకు.

గోదారి గట్టు: మన నగరం ఊరి సంగతి ఎవరూ ఎత్తరేం? 2014 జూన్ 27 తెల్లవారుజామున, తాటిపాక నుంచి కొండపల్లి లాంకో కరెంటు ప్లాంటుకు పోయే ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్ 18 అంగుళాల లైన్ పేలి 20 మందికి పైగా పోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీళ్లు కలిసిన గ్యాస్ పంపితే లోపల తుప్పు పట్టింది. లీకవుతోందని ఊళ్లోవాళ్లు ముందే మొత్తుకున్నారు. ఆ ప్రమాదం మీ 10 శాతంలో ఎక్కడుంది?

పైపుల ఇంజినీర్: ఘోరమే, కాదనను. కానీ అది నిర్వహణ లోపం. గ్యాస్‌లో నీరు తీసేసే యూనిట్ పెట్టాల్సింది, పెట్టలేదు. అద్దె ఇస్తే తుప్పు ఆగుతుందా?

లంకరైతు: తుప్పు ఆగదు. అద్దె కట్టాల్సినవాడు ఏడాదికోసారైనా మా గుమ్మం తొక్కాలి, వాసనొస్తోందంటే వినాలి. ఒక్కసారి డబ్బు పారేసి పోయినవాడికి మాతో ఏం పని?

పైపుల ఇంజినీర్: ఈ మాటలో బలముంది. కానీ రేపు అన్నదమ్ములు పంచుకుంటే, తోట చేతులు మారితే అద్దె ఎవరికివ్వాలి?

లంకరైతు: పట్టాదారు పాస్‌బుక్ ఎవరి పేరునుంటే వాళ్లకి. పీఎం కిసాన్ డబ్బు ఖాతాల్లో పడట్లేదా ఏంటి?