ప్రాజెక్ట్ మధ్యలో రిటైనింగ్ వాల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలా, పాత వెర్షన్‌తోనే ముగించాలా?

చిత్తుకాగితం:
ఒక సందేహం, దాంతోపాటు కొంచెం కోపం కూడా. జరిగింది జరిగినట్టు చెబుతాను, తప్పెక్కడుందో మీరే చెప్పండి.

ఏడు మీటర్ల ఎత్తు కాంటిలీవర్ రిటైనింగ్ వాల్, అంటే వెనక మట్టిని ఆపే గోడ. స్టెమ్ (నిలువు గోడ) అడుగున మందం 600 మి.మీ., ఎఫెక్టివ్ డెప్త్ (కడ్డీల మధ్య నుంచి ఎదుటి అంచుదాకా లోతు) 540. కాంక్రీట్ 28 మెగాపాస్కల్, స్టీల్ 420. మట్టి వైపు 25 మి.మీ. కడ్డీలు 170 మి.మీ. దూరంలో. బ్యాక్‌ఫిల్ (గోడ వెనక పూడ్చే మట్టి) బరువు ఘనపు మీటరుకి 18 కిలోన్యూటన్లు, ఘర్షణ కోణం 30 డిగ్రీలు, పైన సర్‌ఛార్జ్ (అదనపు బరువు) లేదు. నాలుగు నెలల కిందటే డిజైన్ అయిపోయింది, డ్రాయింగులు కూడా వెళ్లిపోయాయి. అప్పుడు స్టెమ్ షియర్ (అడ్డంగా కోసే బలం) నిష్పత్తి 0.55, అంటే మోయాల్సినదాన్ని మోయగలిగినదానితో భాగిస్తే వచ్చేది; ఒకటి దాటకూడదు. దాదాపు సగం బలం ఇంకా చేతిలో ఉందన్న నిబ్బరంతో ఉన్నాను.

గత వారం చెకింగ్ చేసే ఆయన టో (పునాదిలో గోడ ముందుకి వచ్చే భాగం) పొడవులో చిన్న మార్పు అడిగారు. ఫైల్ తెరిచాను. ఈ మధ్యలో సాఫ్ట్‌వేర్ తనంతట తాను అప్‌డేట్ అయింది. టో మార్చి రన్ కొడితే స్టెమ్ షియర్ దగ్గర ఎర్ర గీత, 1.02. స్టెమ్‌లో నేను ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు.

సపోర్ట్‌కి రాస్తే నాలుగు రోజులకి జవాబొచ్చింది: "కొత్త వెర్షన్‌లో డిఫాల్ట్ కోడ్ మారింది. పాతది కావాలంటే సెట్టింగ్స్‌లో ఎంచుకోండి." అంతే. నా పాత ఫైల్‌లో ఏ కోడ్ ఉందో దానికి తెలుసు కదా? అడగకుండా ఎందుకు మార్చింది? ఏటా మెయింటెనెన్స్ ఫీజు కట్టేది ఇందుకేనా? నా అభిప్రాయం ఒకటే: ప్రాజెక్ట్ నడుస్తుండగా అప్‌డేట్ అనేదే రాకూడదు.

కోడ్‌పుస్తకం:
మీ కోపం అర్థమైంది గానీ, ఆ ఎర్ర గీత మీకు మేలే చేసింది. అదేంటో చెబుతాను.

మీ పాత ఫైల్ అమెరికా కాంక్రీట్ డిజైన్ కోడ్ ఏసీఐ 318, 2014 ఎడిషన్‌లో ఉండి ఉంటుంది. అందులో స్టిరప్స్ (షియర్‌ని ఆపే అడ్డ కడ్డీలు) లేని సెక్షన్‌కి కాంక్రీట్ ఇచ్చే షియర్ చాలా తేలిక: కాంక్రీట్ బలం వర్గమూలానికి 0.17 రెట్లు, దాన్ని వెడల్పుతో, డెప్త్‌తో గుణించడమే. మీ అంకెలు పెడితే మీటరు పొడవుకి 486 కిలోన్యూటన్లు, 0.75తో తగ్గిస్తే 364. 2019 ఎడిషన్‌లో స్టిరప్స్ లేని చోట ఇంకో రెండు సంగతులు వచ్చి చేరాయి. ఒకటి స్టీల్ శాతం, దాని ఘనమూలం. రెండోది సైజ్ ఎఫెక్ట్, అంటే లోతు పెరిగేకొద్దీ బలం తగ్గడం: డెప్త్‌ని మి.మీ.లో తీసుకుని 0.004తో గుణించి, ఒకటి కలిపి, దాంతో 2ని భాగించి వర్గమూలం తీయాలి. మీ 540కి అది దాదాపు 0.80. మీ స్టీల్ 0.535 శాతం. ముందున్న 0.17 కూడా ఇక్కడ 0.66 అవుతుంది. అన్నీ కలిపి గుణిస్తే 0.75 తగ్గింపు తర్వాత మిగిలేది సుమారు 197.

ఇక డిమాండ్. అడుగు నుంచి డెప్త్ అంత పైన చూస్తాం కాబట్టి 6.46 మీటర్ల మట్టి. మట్టి పక్కకి తోసే గుణకం 30 డిగ్రీలకి మూడో వంతు, మట్టి బరువు 18, ఎత్తు వర్గం, వీటిని గుణించి అందులో సగం, దానికి 1.6 లోడ్ ఫ్యాక్టర్: 200 కిలోన్యూటన్లు. 200ని 364తో భాగిస్తే 0.55, 197తో భాగిస్తే 1.02. మీ సాఫ్ట్‌వేర్ రెండుసార్లూ లెక్క సరిగ్గానే చేసింది.

ఇప్పుడు అసలు విషయం. ఇది ఎవరికో నిన్న రాత్రి తట్టిన ఆలోచన కాదు. 1955లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం షెల్బీలో విల్కిన్స్ ఎయిర్ ఫోర్స్ డిపో గోదాము కప్పు కొంత భాగం కూలింది. దాదాపు 900 మి.మీ. లోతున్న దూలాలు స్టిరప్స్ లేనిచోట షియర్‌లో పోయాయి. కుంచించుకుపోవడం వల్ల పుట్టిన లాగుడు కూడా అందులో ఉంది, నిజమే. 1967లో టొరంటోలో గాస్పర్ కానీ పెద్ద దూలాల మీద పరీక్షలు చేసి, లోతు పెరిగేకొద్దీ ప్రతి చదరపు మి.మీ. మోసే షియర్ తగ్గుతుందని చూపించారు. కోడ్‌లోకి రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. మీ గోడ ఏ ఎడిషన్‌లో డిజైన్ అయిందో మట్టికి తెలియదు. అప్‌డేట్ ఆపమంటున్నారు, ఆపితే ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసేది?

సంతకం_నాది:
కోడ్‌పుస్తకం గారూ, లెక్క బాగా విప్పి చెప్పారు. కానీ మీ వాదనలో ఒక మెట్టు జారింది. కోడ్ మారడం వేరు, సాఫ్ట్‌వేర్ మారడం వేరు. ఏ ఎడిషన్ ప్రకారం అనుమతి తీసుకున్నామో దాని ప్రకారమే ఆ గోడ నిలవాలి. ఎడిషన్ మార్చే నిర్ణయం నాది, క్లయింట్‌ది, అనుమతిచ్చిన వారిది. రాత్రి పూట తనంతట దిగి కూర్చునే ఇన్‌స్టాలర్‌ది కాదు.

ఇంకో మాట. ప్రతి అప్‌డేట్ జ్ఞానం మోసుకొస్తుందని మీరు అనుకుంటున్నారు. నా అనుభవం వినండి. వాలుగా ఉన్న బ్యాక్‌ఫిల్, వాలు 20 డిగ్రీలు, ఘర్షణ కోణం 30, అడ్డంగా భూకంప గుణకం 0.2. మోనోనోబే-ఒకాబే పద్ధతి, అంటే భూకంపంలో గోడ మీద మట్టి ఒత్తిడి లెక్కించేది. 0.2కి సరిపడే కోణం 11.3 డిగ్రీలు. 30లోంచి 20 తీసి, 11.3 తీస్తే మైనస్ 1.3. ఆ సూత్రంలో దీని సైన్ వర్గమూలం కింద ఉంటుంది, రుణ సంఖ్య వస్తే జవాబే లేదు. పాత వెర్షన్ నిజాయితీగా ఆగిపోయి "ఈ పద్ధతి ఇక్కడ పనిచేయదు" అని చెప్పేది. అప్‌డేట్ తర్వాత అదే ఫైల్ చక్కగా ఒక అంకె ఇచ్చింది. ఆఫీసులో అందరూ సంతోషించారు. నాకు మాత్రం గుండె జారింది. రిలీజ్ నోట్స్‌లో ఒకే వాక్యం: "భూకంప విభాగం మెరుగుపరిచాం." పట్టుబట్టి అడిగితే తేలింది, రుణ సంఖ్య వస్తే సున్నా అని తీసుకుంటున్నారట.

అది మెరుగుపరచడమా? ఆ మైనస్ మనకి ఒక మాట చెబుతోంది: అంత ఊపులో, జిగురు లేని ఆ మట్టి వాలు తన కాళ్ల మీద తాను నిలబడలేదు. గోడ వెనక ఒత్తిడి వెతికే ముందు వాలు సంగతి చూడాలి, మట్టికి కొంచెమైనా కొహిజన్ (జిగురు) ఉంటే దాన్ని కలిపి వెడ్జ్ పద్ధతిలోనో, మొత్తం వాలుకి లిమిట్ ఈక్విలిబ్రియం లెక్కలోనో చూడాలి. హెచ్చరికని చెరిపేసి అంకెని పెట్టారు.

అందుకే నా దగ్గర ప్రాజెక్ట్ మొదలైన రోజు వెర్షన్ నంబర్ రాసుకుంటాం, ముగిసేదాకా ఆ కంప్యూటర్‌లో అప్‌డేట్ నొక్కం.

గట్టుమీద:
సైట్ నుంచి ఒక మాట. మీరు 0.55, 1.02 అంటూ వాదించుకుంటున్నారు, నేను చూసిన గోడలు ఒరిగింది షియర్‌లో కాదు, నీళ్లతో. మూడు మీటర్ల గోడే తీసుకోండి. పొడి మట్టి తోసేది మీటరుకి 27 కిలోన్యూటన్లు. వీప్ హోల్స్ (గోడలో నీళ్లు బయటికి పోయే రంధ్రాలు) మూసుకుపోయి పైదాకా నీళ్లు నిలిస్తే మట్టి వాటా 15కి తగ్గుతుంది గానీ నీటి వాటా 44 వచ్చి పడుతుంది. మొత్తం 59, రెట్టింపు కంటే ఎక్కువ. గోడ వెనక కంకర బదులు తవ్విన బంకమట్టినే దోసి పూడ్చేస్తుంటే ఏ వెర్షన్ కాపాడుతుంది?

కోడ్‌పుస్తకం:
గట్టుమీద గారూ, మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, కానీ ఇది వేరే చర్చ. అయినా దానికీ దీనికీ ఒక లంకె ఉంది. అప్‌డేట్‌లో ఇన్‌పుట్ పేజీ అమరిక మారి నీటి మట్టం గడి వేరే ట్యాబ్‌లోకి పోతే, పాత అలవాటుతో పనిచేసేవాడు దాన్ని ఖాళీగా వదిలేస్తాడు. ఖాళీ అంటే సున్నా, సున్నా అంటే పొడి గోడ.

సంతకం_నాది గారూ, మోనోనోబే-ఒకాబే ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. అది చెడ్డ అప్‌డేట్. కానీ మీ "అప్‌డేట్ నొక్కం" విధానంలోనూ గొయ్యి ఉంది. పాత వెర్షన్‌లో తప్పు దొరికి, కొత్తదాంట్లో దిద్దారనుకోండి. మీరు ఏడాదిన్నర ఆ తప్పుతోనే గోడలు గీస్తూ ఉంటారు. తెలుసుకునే దారి కూడా ఉండదు.

సంతకం_నాది:
ఉంది. నొక్కనన్నాను, చదవనని అనలేదు. ప్రతి రిలీజ్ నోట్ చదువుతాను. బాధంతా వాటిల్లో ఏమీ రాయకపోవడమే.

టికెట్ల_బల్ల:
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను, ఇక రాయాల్సిందే. ఇలాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక సంస్థలో కొన్నేళ్లు సపోర్ట్‌లో పనిచేశాను. బల్లకి అటువైపు ఎలా ఉంటుందో చెబుతాను.

మాకు వచ్చే టికెట్లలో (యూజర్ల ఫిర్యాదుల్లో) ఎక్కువ భాగం లైసెన్స్ గురించి: కంప్యూటర్ మారింది, సర్వర్ దొరకడం లేదు, పాత ఫైల్ తెరుచుకోవడం లేదు. ఇంకో పెద్ద వాటా యూజర్ అర్థం చేసుకోవడంలో పొరపాటు. వీటి మధ్యలో అప్పుడప్పుడు ఒక నిజమైన తప్పు దొరుకుతుంది. దాన్ని పట్టుకునేది దాదాపు ఎప్పుడూ చేత్తో లెక్క వేసి చూసినవాళ్లే. "మీ అంకె ఇది, నా అంకె ఇది, తేడా ఈ మెట్టు దగ్గర మొదలైంది" అని ఒక కాగితం ఫొటో పంపేవారు. అలాంటి టికెట్ మధ్యాహ్నానికల్లా ప్రోగ్రామర్ ముందు ఉండేది. "తప్పు వస్తోంది, చూడండి" అని ఫైల్ కూడా జత చేయకుండా పంపినవి వారాలు తిరిగేవి.

ఇప్పుడు మా తప్పు. రిలీజ్ నోట్స్‌లో "మెరుగుపరిచాం" అనే మాట ఎన్నోసార్లు నేనే రాశాను. దాని వెనక ఉన్నది ఒక్కోసారి తప్పు దిద్దడం. హీల్ (పునాదిలో గోడ వెనక, మట్టి కింద ఉండే భాగం) మీద మట్టి బరువు ఒక సందర్భంలో రెండుసార్లు లెక్కలోకి వచ్చేది, పడిపోకుండా ఆపే మొమెంట్ ఉన్నదానికంటే ఎక్కువ కనపడేది. దిద్దాం. "స్టెబిలిటీ లెక్క మెరుగుపరిచాం" అని రాయమన్నారు, రాశాను. పాత వెర్షన్‌తో గోడ కట్టినవారికి మళ్లీ చూసుకోండని ఒక్క ఈమెయిల్ కూడా వెళ్లలేదు. అది ఇవాళ్టికీ నన్ను బాధపెడుతుంది, అందుకే రాస్తున్నాను.

కాబట్టి నా దృష్టిలో అప్‌డేట్ చేయాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. మొదటిది, మీరు కట్టే ఫీజుకి ఏం అడుగుతున్నారు? తెలిసిన తప్పుల జాబితా అడగండి: ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ దాకా ఉంది, ఏ రకం గోడకి తగులుతుంది, అంకె ఎటువైపు తప్పుతుంది. పాత వెర్షన్ల ఇన్‌స్టాలర్లు అందుబాటులో ఉంచమనండి. ఒకే కంప్యూటర్‌లో రెండు వెర్షన్లు పక్కపక్కన నడవాలి. చిత్తుకాగితం గారి ఫైల్ కోడ్ అడగకుండా మారిపోవడం మాత్రం ఏ రకంగానూ సమర్థించలేను. తెరిచేటప్పుడు ఒక ప్రశ్న అడిగితే సరిపోయేది. అది ప్రోగ్రామర్‌కి ఒక పూట పని.

కొత్తకడ్డీ:
ఉద్యోగంలో చేరి ఏడాదే అయింది, తప్పుగా అడిగితే మన్నించండి. హీల్ స్లాబ్‌కి కూడా స్టిరప్స్ ఉండవు కదా, అక్కడ కూడా ఇంత తగ్గిపోవాలి కదా? నా ఫైల్‌లో హీల్ నిష్పత్తి పెరిగింది గానీ స్టెమ్ అంత పెరగలేదు.

కోడ్‌పుస్తకం:
మంచి ప్రశ్న. 2019 ఎడిషన్‌లో వన్-వే షాలో ఫౌండేషన్లకి (ఒకే దిశలో బరువు మోసే లోతులేని పునాదులకి) సైజ్ ఎఫెక్ట్‌ని వదిలేయడానికి అనుమతి ఉంది, 13వ అధ్యాయం చూడండి. స్టీల్ శాతం మాత్రం లెక్కలోకి వస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ ఆ అనుమతిని వాడుకుంటున్నట్టుంది. రిపోర్ట్‌లో ఆ గుణకం 1.0 అని అచ్చయిందేమో చూసి రాయండి.

కొత్తకడ్డీ:
చూశాను సార్, 1.0 అనే ఉంది. ధన్యవాదాలు.

చిత్తుకాగితం:
అందరి మాటలూ చదివాక నిన్న రాత్రి కాగితం మీద మొత్తం మళ్లీ వేశాను. కోడ్‌పుస్తకం గారి 197 నాకూ వచ్చింది. తర్వాత ఊరికే కూర్చోలేక దారులు వెతికాను. మందం 50 మి.మీ. పెంచి 650 చేస్తే బలం 202, డిమాండ్ 197, గట్టెక్కుతుంది. కానీ అలా చేస్తే సెంట్రింగ్ డ్రాయింగులన్నీ మారతాయి. రెండో దారి: మందం అలాగే ఉంచి కడ్డీల దూరం 170 నుంచి 150కి తగ్గిస్తే స్టీల్ 0.6 శాతం దాటుతుంది, బలం 205కి వస్తుంది. పాత సూత్రంలో స్టీల్ ఎంత పెట్టినా షియర్ కదిలేది కాదు, కొత్తదాంట్లో కదులుతోంది. ఇది నాకు ఇంతకుముందు నిజంగా తెలియదు.

ఇంకా కాంక్రీట్ పోయలేదు. కడ్డీలు కట్టడానికి పది రోజులుంది. 150కి మార్చమని మా సార్‌ని అడుగుతున్నాను.

సంతకం_నాది:
మార్చండి. నేనైనా అదే చేస్తాను, ఎందుకంటే ఇప్పుడు మీకు తెలిసిపోయింది, తెలిసి వదిలేయలేం. కానీ రివిజన్ నోట్‌లో "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల" అని రాయకండి. 2014 ఎడిషన్ ప్రకారం పాత డిజైన్ సరిపోయిందని, 2019 ఎడిషన్ షియర్ సూత్రంతో సరిచూసి స్టీల్ పెంచామని రాయండి. చేతి లెక్క కాగితం జతపరచండి. నా విధానం మాత్రం నేను మార్చుకోను, మధ్యలో అప్‌డేట్ నొక్కను.

కోడ్‌పుస్తకం:
నొక్కకుండా ఉంటే ఈ గోడకి 170 దూరంలోనే కాంక్రీట్ పోసేవారు సార్. అక్కడే మనిద్దరికీ పొసగదు.

చిత్తుకాగితం:
మా సార్ ఒప్పుకున్నారు, 150. టికెట్ మాత్రం మూయనివ్వలేదు. పాత ఫైల్ తెరిచినప్పుడు కోడ్ మార్చే ముందు అడగాలని, నా రెండు రిపోర్టులూ చేతి లెక్కా జతచేసి మళ్లీ రాశాను. ఈసారి జవాబు మర్నాడే వచ్చింది: ప్రోగ్రామర్‌కి పంపామన్నారు. ఏ వెర్షన్‌లో వస్తుందో రాతపూర్వకంగా చెప్పమని అడిగాను, దానికోసం చూస్తున్నాను.