పాల ప్యాకెట్ ఫిల్ముకు వాటర్ ఇంకు పనికొస్తుందా?

జీడిమెట్ల_రోటో:
మాది ఆరు రంగుల రోటో, అంటే గుంటలు చెక్కిన సిలిండర్లతో అచ్చువేసే మెషీన్. పాల ప్యాకెట్ల ఫిల్ము, మురుకుల కవర్లు వేస్తాం. ఓ పెద్ద కస్టమర్ పార్టీ సాల్వెంట్ ఇంకు మాని, నీళ్లతో చేసే వాటర్ ఇంకుకి మారమని పట్టుబడుతోంది. మొన్న ట్రయల్ తీస్తే, సాల్వెంట్ ఇంకుతో నిమిషానికి 150 మీటర్లు పోయే మెషీన్ 60 దగ్గర చతికిలపడింది. అంతకు మించితే రోల్ లోపల పొరకు పొర అంటుకుపోతోంది. టేప్ వేసి లాగితే నీలం మొత్తం టేపుకే వచ్చింది. నా మాట ఇదే: వాటర్ ఇంకు అట్టపెట్టెలకు సరే, ఫిల్ముకు దండగ. కాదంటే ఎందుకో చెప్పండి.

ఇంకు_ల్యాబ్:
ట్రయల్‌కు ముందు డైన్ పెన్ (ఫిల్ము మీద ఇంకు పరుచుకుంటుందో లేదో చూసే పెన్ను) గీశారా అన్నా? నీటి తలతన్యత 72 డైన్లు, సాల్వెంట్ ఇంకులో ఉండే ఇథైల్ ఎసిటేట్‌ది 24. ట్రీట్‌మెంట్ లేని పాలిథిన్‌ది 31 దాకా. అందుకే ఎసిటేట్ ఇంకు దాని మీద సులువుగా పరుచుకుంటుంది, నీళ్లేమో తామరాకు మీద బొట్టులా ముద్దకడతాయి. సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) వేసి మేం కొంత దించుతాం, మిగతాది ఫిల్ము పైపొరకు కరెంటు స్పార్కులు తగిలించే మీ కరోనా ట్రీటర్ చెయ్యాలి. సాల్వెంట్‌కి ఫిల్ము 38 డైన్లు ఉంటే సరిపోతుంది, దీనికి 42 అయినా ఉండాలి. ఫిల్ము గోడౌన్లో నిలవుంటే అందులో కలిపిన స్లిప్ (జారుడు పదార్థం) పైకి తేలి ఆ లెక్క పడిపోతుంది.

ఇక ఆరడం. కిలో నీళ్లు ఆవిరవ్వాలంటే సుమారు 2,260 కిలోజౌళ్లు కావాలి. కిలో ఎసిటేట్‌కు 400 చాలు. అలాగని హీటర్ పెంచితే పాలిథిన్ సాగి రిజిస్టర్ (రంగు మీద రంగు సరిగ్గా పడటం) పోతుంది. పెంచాల్సింది గాలి. సిలిండర్ గుంటల లోతు తగ్గించి, పిగ్మెంట్ (రంగు పొడి) చిక్కగా ఉన్న ఇంకును పల్చగా వెయ్యాలి. పాత సిలిండర్లు, పాత డ్రయ్యర్ పెట్టి ఇంకును తిడితే ఎలా?

జీడిమెట్ల_రోటో:
అంటే బ్లోయర్లూ కొత్తవే, సిలిండర్లూ కొత్తవే. పార్టీ ఇస్తుందా ఆ డబ్బులు? మీరు పంపే డబ్బాలోనూ కాస్త ఆల్కహాల్, అమోనియా ఉన్నాయి. పైన స్టిక్కర్ మాత్రం జీరో ఎమిషన్ అని!

ఇంకు_ల్యాబ్:
స్టిక్కర్ తప్పే, ఒప్పుకుంటున్నా. జీరో కాదు, తక్కువ. కానీ మీ ట్రేలోని సాల్వెంట్ ఇంకు బరువులో సగానికి పైగా గాలిలో కలిసేదేగా? అమెరికా పర్యావరణ సంస్థ ఫ్లెక్సో (రబ్బరులాంటి ప్లేట్లతో అచ్చువేసే) మెషీన్ల మీద సాల్వెంట్, వాటర్, యూవీ (అతినీలలోహిత కాంతితో ఆరే) ఇంకుల్ని ఫిల్ముపైనే పోల్చి 2002లో నివేదిక ఇచ్చింది. ఏ ఒక్కటీ అన్నిటా గెలవలేదు.

మూడో_షిఫ్ట్:
నేను ఆపరేటర్ని. వాటర్ ఇంకు వేస్తుండగా ఓ రాత్రి ఇరవై నిమిషాలు కరెంటు పోయింది. సాల్వెంట్ ఇంకైతే గుంటల్లో ఎండినా తడి ఇంకు తగలగానే మళ్లీ కరుగుతుంది. ఇది అమోనియా ఎగిరిపోయాక కరగదు. తెల్లారేదాకా బ్రష్షుతో తోమాం. చిక్కదనం కొలిచే విస్కాసిటీ కప్పుతో పాటు పీహెచ్ కూడా చూస్తూ ఉండాలి, 8.5 కంటే దిగితే ఇంకు చిక్కబడుతుంది.

అయినా నా ఓటు వాటర్ ఇంకుకే. ఎసిటేట్ మైనస్ 4 డిగ్రీల దగ్గర కూడా అంటుకోగల ఆవిరి ఇస్తుంది. ఫిల్ము రోల్ విప్పుతుంటే చేతి వెంట్రుకలు లేచి నిలబడతాయి, ఆ స్టాటిక్ పక్కనే తెరిచిన ఇంకు ట్రే. ఎర్తింగ్ వైరు ఊడిందేమోనని షిఫ్టులో ఎన్నిసార్లు వంగి చూస్తానో లెక్కలేదు. ఆ టెన్షన్ మీ ఖర్చుల కాగితంలో ఎక్కడా కనపడదు సార్.

పాల_పౌచ్:
పాలవాళ్ల బాధ వేరే. తెల్లవారుజామున ప్యాకెట్ ఐసు నీళ్లలో ట్రేలో ఒకదాన్నొకటి రుద్దుకుంటూ వస్తుంది. రంగు చేతికంటితే లోడు వాపస్. మేం ప్రింటు చేసిన రోజే తడిపి రుద్ది ఫెయిల్ అన్నాం. క్రాస్‌లింకర్ (ఇంకు పొరను గట్టిపరిచే రసాయనం) వేసి ఒక రోజు ఆగి చూస్తే నిలిచింది. ముందు మురుకుల కవరుతో మొదలుపెట్టండి. దాంట్లో ప్రింటు రెండు పొరల మధ్య ఉంటుంది, తడి గొడవ లేదు. ఆ పొరల అతుకు, అంటే లామినేషన్ బాండ్, మాత్రం లాగి చూసుకోండి.

జీడిమెట్ల_రోటో:
పొద్దున డైన్ పెన్ గీశాను. 38 పెన్ను గీత చుక్కలు చుక్కలుగా విడిపోయింది, 36 నిలిచింది. ఆ రోల్ వచ్చి మూడు నెలలు. టేపు సంగతి అర్థమైంది, 60 మీటర్ల సంగతి ఇంకా తేలలేదు. కొత్త ఫిల్ముతో మురుకుల కవరు రెండు రంగులు వేసి చూస్తా. బ్లోయర్ కొటేషన్ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.