మక్క జల్లుకు వస్తోంది, బోరు తగ్గుతోంది: తడులు ఎట్లా సర్దుకోవాలి?

చెలక రైతు (సిద్దిపేట జిల్లా)
అన్నలకు నమస్తే. ఎర్ర చెలకలో (తేలికపాటి నేల) మూడెకరాల యాసంగి మక్క (మొక్కజొన్న). నవంబర్ మొదట్లో వేశాను. నడుము దాటింది, ఇంకో పది పన్నెండు రోజుల్లో జల్లు (మొక్క కొసన వచ్చే మగ పూత) వచ్చేలా ఉంది. బోదెలు, కాలువల పద్ధతి. బోరు పొద్దున బాగా పోస్తుంది, మధ్యాహ్నానికి సన్నబడుతుంది. చుట్టుపక్కల అందరూ వారానికో తడి అంటున్నారు. ఫిబ్రవరిలో అట్లా మూడెకరాలు పారించడం నా బోరుతో కాదు. ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు? వచ్చే ఏడాది డ్రిప్ వేద్దామని ఉంది.

మక్క రైతు (జగిత్యాల జిల్లా)
తమ్ముడూ, వారం లెక్క పక్కన పెట్టి ముందు చేలో మట్టి చూడు. మొదలు పక్కన జానెడు లోతు తవ్వి పిడికిట్లో నొక్కు. ముద్ద కట్టి అరచేతికి తడి అంటితే ఇంకా రెండ్రోజులు ఆగొచ్చు. వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోతే ఆ రోజే మోటారు వెయ్యి. మధ్యాహ్నం ఆకు చుట్టుకుని సాయంత్రానికి విచ్చుకుంటే టెన్షన్ వద్దు. పొద్దున్నే చుట్టుకుని ఉంటే మాత్రం ఆలస్యమైనట్టే.

జల్లు, పీచు (కంకి కొసన వచ్చే సన్నటి దారాలు) వచ్చే ఆ రెండు వారాలు చేను బెట్టకు (నీళ్లు చాలక వాడే స్థితికి) రానియ్యకు. నీళ్లు తక్కువైతే జల్లు టైముకే వస్తుంది, పీచు వెనకబడుతుంది. పుప్పొడి రాలిపోయాక పీచు బయటికొస్తే ఏం లాభం? కంకి కొన దగ్గరి పీచు అన్నిటికంటే చివర వస్తుంది, అందుకే కొన బోసిపోతుంది. పీచు వచ్చిన వారం పది రోజులకు ఒక కంకి తెంపి, పొట్టు జాగ్రత్తగా ఒలిచి మెల్లగా దులిపి చూడు. గింజ కట్టిన చోట పీచు ఊడి పడుతుంది, కట్టని చోట అతుక్కునే ఉంటుంది. దిగుబడి ఎట్లా ఉండబోతుందో అక్కడే తెలిసిపోతుంది.

ఇక బోరు కొలత. 200 లీటర్ల డ్రమ్ము 72 సెకన్లలో నిండితే గంటకు 10,000 లీటర్లు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడు. మన చెలకలో రెండడుగుల వేరు లోతుకు తడికి 30 మిల్లీమీటర్ల నీళ్లు, అంటే ఎకరానికి సుమారు 1,20,000 లీటర్లు. జల్లు దశలో చేను రోజుకు 4-5 మిల్లీమీటర్లు తాగుతుంది కాబట్టి ఆరేడు రోజులకోసారి పెట్టాల్సిందే. మూడెకరాలకు ఆ బోరైతే 36 గంటలు, కాలువల్లో ఇంకేది వేరే. అందుకే ఇప్పుడే పొదుపు చెయ్యి: ఈ తడికి కాలువ విడిచి కాలువ పారించు, వచ్చే తడికి మిగిలినవి. జల్లు కనబడగానే అన్ని కాలువలకూ నిండుగా పెట్టు.

నల్లరేగడి (తెనాలి దగ్గర)
చెలక రైతు గారూ, మా దగ్గర వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న వేస్తాం. నల్లమట్టి తడి పట్టుకుంటుంది, పూత దశలో పది రోజులు దాటినా తట్టుకుంటుంది. మా తడుల లెక్క మీ చెలకకు పనికిరాదు. మాకు భయమల్లా మొలిచిన మొదటి నెలలో నీళ్లు నిలవడమే, మొక్క పసుపెక్కి గిడసబారిపోతుంది.

చెలక రైతు
రేపే డ్రమ్ముతో కొలుస్తాను అన్నా. చివరి తడి ఎప్పుడు?

మక్క రైతు
కంకి మధ్యకు విరిచి, గింజలో మొలక లేని వైపు చూడు. పైన గట్టిపడ్డ పసుపు, కింద పాలు, నడుమ ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత సగం కిందికి దిగేదాకా తడి ఆపకు. తర్వాత నేలలో పదునుంటే చాలు. గింజ మొదట్లో నల్ల పొర వచ్చాక నీళ్లు దండగ.

డ్రిప్ సంగతి: నాలుగడుగులకో లేటరల్ (డ్రిప్పర్లు ఉండే సన్న పైపు), 40 సెంటీమీటర్లకో గంటకు 2 లీటర్లు పోసే డ్రిప్పర్ అయితే ఎకరానికి గంటకు దాదాపు 17,000 లీటర్లు కావాలి. పది వేల లీటర్ల బోరు ఎకరాన్ని ఒకేసారి నడపలేదు. అరెకరానికో వాల్వు పెట్టించు, జల్లు దశలో ఒక్కో వాల్వు రోజుకు గంటా పది నిమిషాలు తిప్పితే సరిపోతుంది. డీలర్ ఎకరానికో వాల్వు చాలంటే ఒప్పుకోకు.