కోవిడ్ వార్డుల్లోకి హౌస్ సర్జన్లు, ఫైనలియర్ విద్యార్థులు: మళ్లీ అవసరమొస్తే పంపాలా, వద్దా?

గోదారిగట్టు:
2021 మే 3న కేంద్రం, కోవిడ్ డ్యూటీలకు డాక్టర్లు దొరకాలని, నీట్ పీజీని (ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీట్ల కోసం రాసే పరీక్ష) కనీసం 4 నెలలు వాయిదా వేసింది. హౌస్ సర్జన్లను (ఎంబీబీఎస్ పరీక్షలయ్యాక ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లను) అధ్యాపకుల పర్యవేక్షణలో కోవిడ్ డ్యూటీలకు, ఫైనలియర్ ఎంబీబీఎస్ వాళ్లను ఫోన్ సలహాలకు, బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పాసైన నర్సులను పూర్తికాలం నర్సింగ్ డ్యూటీకి వాడుకోమంది. 100 రోజులు చేస్తే ప్రభుత్వ రెగ్యులర్ నియామకాల్లో ప్రాధాన్యం అని కూడా చెప్పింది. రేపు ఇంకో వైరస్ వస్తే ఇదే దారి పట్టాలా? వార్డు తెలిసినవాళ్లు చెప్పండి.

చివరిబెంచి:
వద్దు. ఇంటర్న్‌షిప్ ఉన్నదే ఏడాది. కాన్పులు, కుట్లు, ఎమర్జెన్సీ అన్నీ అందులోనే చేతికి రావాలి. మూడు నెలలు సాచురేషన్లు (రక్తంలో ఆక్సిజన్ శాతం) రాసుకుంటూ పోతే ఆ పోస్టింగులు మళ్లీ ఎవరిస్తారు? పైగా పరీక్ష ఆపితే మనుషులు మిగిలారన్నదీ తప్పు లెక్కే. ఏప్రిల్ 18న జరగాల్సిన పరీక్ష సెప్టెంబర్ 11న జరిగింది. కౌన్సెలింగ్ 2022 జనవరిదాకా జారింది. కొత్త ఫస్టియర్ పీజీలు రాక, మూడు బ్యాచ్‌ల పని రెండు బ్యాచ్‌ల నెత్తిన పడింది.

మత్తుడాక్టరు:
కౌన్సెలింగ్ జారడానికి ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడినవాళ్ల) కోటా మీద సుప్రీంకోర్టులో నడిచిన కేసు కూడా కారణం తమ్ముడూ, అదంతా వాయిదా ఖాతాలో రాయకు. పోస్టింగుల మాట మాత్రం నిజం.

కానీ హౌస్ సర్జన్‌కు వార్డులో పని లేదంటే ఒప్పుకోను. ఆక్సిజన్ రౌండ్ ఒక్కటి చాలు. జంబో సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు ఉంటాయి. నిమిషానికి 15 లీటర్లు పెడితే ఏడున్నర గంటలకు కాస్త ఎక్కువ వస్తుంది. సిలిండర్ గేజ్ (ఒత్తిడి మీటర్) 150 బార్ నుంచి 50కి దిగిందంటే మిగిలింది రెండున్నర గంటలే. గేజ్ అంకెను 47తో హెచ్చించి, ఫ్లోతో (నిమిషానికి ఎన్ని లీటర్లో దానితో) భాగిస్తే నిమిషాలు వస్తాయి. ఈ లెక్క గంటకోసారి కాగితం మీద పడితే అర్ధరాత్రి సిలిండర్ కోసం పరుగులుండవు. తీరిక లేని సీనియర్ చేయలేని పని ఇదే.

ఎన్‌ఆర్‌బీఎం (ఆక్సిజన్ సంచి ఉండే) మాస్కు దగ్గరా తప్పులు ఎక్కువే. సంచి నిండాకే ముఖానికి పెట్టాలి. పీల్చినప్పుడు సంచి పూర్తిగా ముడుచుకుపోతోందంటే ఫ్లో చాలట్లేదని అర్థం. మీటర్ బంతి 15 దగ్గర నిలబడ్డా హ్యుమిడిఫయర్ (ఆక్సిజన్‌కు తేమ పట్టించే) సీసా మూత మర అడ్డంగా పడితే గాలంతా అక్కడే పోతుంది. రోగి సాచురేషన్ పడిపోతుంటే అందరూ ఊపిరితిత్తుల్ని అనుమానిస్తారు, మూతను ఎవరూ చూడరు!

శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం, హెచ్‌ఎఫ్‌ఎన్‌సీ (ముక్కు గొట్టాలతో ఎక్కువ ఫ్లోలో ఆక్సిజన్ ఇచ్చే యంత్రం) సెట్టింగులు మార్చడం, స్టెరాయిడ్ మొదలుపెట్టడం మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకూడదు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాములు ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే. మామూలు జ్వరానికి కూడా రాసిపడేసి, షుగర్ చూడకుండా వదిలేస్తే ఏమవుతుందో బ్లాక్ ఫంగస్ వార్డులు చూపించాయి.

స్టాఫ్‌నర్సమ్మ:
డాక్టర్ గారూ, ఇదంతా పీపీఈ విప్పడం వచ్చాక మాట. తొడుక్కునేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. అంటుకునేది విప్పేటప్పుడే, అదీ షిఫ్టు చివర ఒళ్లంతా చెమటతో ఉన్నప్పుడు. ముందు గ్లౌజులు, తర్వాత గౌను, తర్వాత కళ్లజోడు, గది బయటికొచ్చాక ఆఖరున ఎన్95. ప్రతి మెట్టుకూ చేతులు శుభ్రం చేసుకోవాలి. కొత్త పిల్లలు ఊపిరాడక మాస్కే ముందు లాగేస్తారు. ఎదురుగా ఒకరు నిలబడి మెట్టు మెట్టు చెప్పాలి, గోడమీద పోస్టర్ చాలదు. కొత్తగా చేరిన జీఎన్‌ఎం పిల్లల్ని మొదటి వారం ఒంటరిగా నైట్ వేయకండి.

ప్రజారోగ్యం:
ఫైనలియర్ వాళ్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఇంట్లో ఉన్న రోగులకు ఫోన్ చేయడం చిన్న పనేం కాదు. ‘బాగున్నారా’ అంటే ‘బాగున్నాను’ అనే చెబుతారు. లక్షణాలు మొదలై ఎన్నో రోజో అడగాలి, ఒక వాక్యం ఆగకుండా చెప్పగలరేమో వినాలి. ఆక్సిమీటర్‌ను వేడిగా ఉన్న వేలికి, గోళ్లరంగు లేకుండా పెట్టించి, అంకె నిలబడేదాకా ఆగమనాలి. తర్వాత 6 నిమిషాలు గదిలో నడిపించి మళ్లీ చూడాలి. 94 కంటే తగ్గినా, నడకకు ముందున్నదానికంటే 3 అంకెలు పడినా వెంటనే పైవాళ్లకు చెప్పాలి. కూర్చున్నప్పుడే 94 కంటే తక్కువుంటే అసలు నడిపించొద్దు. ఐదో రోజు నుంచి పదో రోజుదాకా రోజూ ఫోన్ తప్పకూడదు.

చివరిబెంచి:
అన్నా, పర్యవేక్షణ అని కాగితంలో ఉంటుంది, రాత్రి రెండింటికి ఫోనెత్తేది ఎవరు? సాచురేషన్ 85 అని నేను చెబితే ఎన్ని నిమిషాల్లో సీనియర్ మంచం దగ్గరుండాలో ఎక్కడైనా రాసిందా?

మత్తుడాక్టరు:
ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, నువ్వే కరెక్ట్. డ్యూటీ చార్టులో షిఫ్టుకో సీనియర్ పేరు, నంబరు, ఆయన ఎత్తకపోతే రెండో పేరు ఉండాలి. అది లేని చోటికి హౌస్ సర్జన్‌ను పంపకూడదు. నా ‘సరే’ ఈ షరతు మీదే.

స్టాఫ్‌నర్సమ్మ:
ఇంకోటి. అప్పట్లో కోవిడ్ డ్యూటీ చేసే ఆరోగ్య సిబ్బందికి కేంద్రం పెట్టిన గరీబ్ కళ్యాణ్ 50 లక్షల బీమా మరణానికే వర్తించేది, చికిత్స ఖర్చుకు కాదు. అదీ ఆ మనిషిని కోవిడ్ డ్యూటీలో వేశామని సంస్థ ధ్రువీకరిస్తేనే. నియామకాల్లో ప్రాధాన్యానికి ఆ 100 రోజులకూ రుజువు కావాల్సిందే. వాట్సాప్ గ్రూపులో ‘రేపటినుంచి మీరు ఐసోలేషన్’ అని మెసేజ్ పెడితే వెళ్లొద్దు. పేరు, వార్డు, తేదీలు, సంతకం ఉన్న ఆర్డర్ చేతికొచ్చాకే లోపలికి వెళ్లండి.